మీగడ వారి అబ్బాయికి రెండు వందల ఏళ్లు

చెక్ భాషలో స్మెతనా అంటే మీగడ. మన దగ్గరా మీగడ అని ఇంటిపేరు ఉన్నవాళ్లున్నారు కాబట్టి ఇది మనకేమీ వింతగా తోచదు. ఆ మీగడ వారింట 1824 మార్చి 2న, బొహీమియా తూర్పు ప్రాంతంలోని లితోమిష్ల్ అనే చిన్న ఊళ్లో ఒక మగపిల్లవాడు పుట్టాడు. పుట్టింది కోటకు చెందిన బీరు బట్టీలో. తండ్రి ఫ్రాంతిషెక్ ఆ బట్టీని గుత్తకు తీసుకుని నడిపేవాడు. తల్లి బార్బొరా ఆయనకు మూడో భార్య. అప్పటికి ఇంటినిండా ఆడపిల్లలే. మగబిడ్డ పుట్టాడన్న మాట చెవిన పడగానే ఆయన బట్టీ కుర్రాళ్లకు బీరు పీపా విప్పించి, వాళ్లతో కలిసి చిందులేశాడని చెప్పుకుంటారు. పిల్లవాడు పెద్దయి ఏం చేస్తాడో తెలియకుండానే సంబరం మొదలైపోయింది. రెండు వందల ఏళ్ల తర్వాత మనం చేస్తున్నది దానికి కొనసాగింపే.

స్వరకర్త బెద్రిహ్ స్మెతనా ద్విశతజయంతి 2024లో వచ్చింది. చెక్ వాళ్లకు ఇదొక లెక్క: 4తో ముగిసే ప్రతి ఏడూ వాళ్లకు చెక్ సంగీత సంవత్సరం. స్మెతనా పుట్టింది 1824లో, పోయింది 1884లో. మిగతా స్వరకర్తల్లో యానాచెక్ పుట్టింది 1854లో, ద్వోర్జాక్ కన్నుమూసింది 1904లో. ఆ ఆనవాయితీ మొదలైంది స్మెతనా శతజయంతి జరిగిన 1924లోనే. ఇలాంటి ఏడు వచ్చిందంటే విగ్రహాలకు దండలు పడతాయి, ‘జాతి సంగీతానికి తండ్రి’ అని ఉపన్యాసాలు సాగుతాయి. ఆ దండలు వేసేవాళ్లు వేస్తారు. నా అభినందన మాత్రం విగ్రహానికి కాదు. ఎనిమిది ఒపెరాలు పూర్తిచేసి, అందులో అందరికన్నా తానే తక్కువగా చూసిన ఒక నవ్వుల ఒపెరాతో లోకాన్ని గెలిచిన మనిషికి.

‘జాతి సంగీతానికి తండ్రి’ అనిపించుకున్న ఆ మనిషికి నలభయ్యో పడి దగ్గరపడే దాకా సొంత భాష సరిగా రాయడం రాదు. చర్చి పుస్తకంలో రాయించిన పేరు కూడా జర్మన్ పద్ధతిలో ఫ్రీడ్రిఖ్. ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో బొహీమియా ఉన్న రోజులవి. బడి జర్మన్, కచేరీ జర్మన్, నలుగురిలో గౌరవంగా మాట్లాడాలంటే జర్మన్. ఆయన డైరీ కూడా చాలా ఏళ్లు జర్మన్‌లోనే సాగింది. 1860లో ఒక మిత్రుడికి చెక్‌లో ఉత్తరం రాస్తూ, చిన్నప్పటి నుంచి జర్మన్ చదువే చదివాను, తప్పులుంటే మన్నించమని వేడుకున్నాడు. ఆ తర్వాత వ్యాకరణం ముందేసుకుని కూర్చుని తన భాషను తానే నేర్చుకున్నాడు. ఇంగ్లీషు బడి పిల్లలున్న మన ఇళ్లలో ఈ సంగతి చదివి కాసేపు ఆగనివారుండరు.

చదువు సంగతి తొందరగా ముగించవచ్చు, ఆయన కూడా అలాగే ముగించాడు. ఆరేళ్లకే 1830లో ఊళ్లో జనం ముందు పియానో వాయించాడు. తర్వాత బడులు మారాడు, ఊళ్లు మారాడు. ప్రాగ్ బళ్లో ఉండగా 1840లో ఫ్రాంజ్ లిస్ట్ పియానో కచేరీ విన్నాడు. ఇక పాఠాలు ఎక్కలేదు. బడి ఎగ్గొట్టిన కొడుకును తండ్రి ప్రాగ్ నుంచి వెనక్కి రప్పించి, ప్ల్జెన్‌లో ఒక బంధువు కంటికింద పెట్టి చదివించాడు. కుర్రవాడు అక్కడ చదివిన దానికంటే పోల్కా ఆడినదే ఎక్కువ. పోల్కా బొహీమియాలో పుట్టిన ఆట, అప్పుడప్పుడే ఊరూరా పాకుతున్న జ్వరం. ఆ జ్వరం ఈయనకు జన్మలో తగ్గలేదు. కుర్రతనంలో డైరీలో పెద్ద కోరికే రాసుకున్నాడు: రచనలో మొజార్ట్ అంతటివాణ్ని కావాలి, వాయించడంలో లిస్ట్ అంతటివాణ్ని కావాలి. ఆ వయసులో ఇంతకన్నా చిన్న కోరిక కోరితేనే అనుమానించాలి.

ప్రాగ్‌లో యోసెఫ్ ప్రోక్ష్ అనే చూపులేని గురువు దగ్గర రచన నేర్చుకున్నాడు. పొట్టకూటికి తూన్ ప్రభువు ఇంట పిల్లలకు పియానో చెప్పాడు. 1848లో ఐరోపా అంతటా తిరుగుబాటు రాజుకున్నప్పుడు ప్రాగ్ వీధుల్లో అడ్డుకట్టలు లేస్తే అక్కడికీ వెళ్లాడు. అదే ఏడు, ఏమాత్రం పరిచయం లేని లిస్ట్‌కు ఒక ఉత్తరం రాశాడు. తన పియానో రచనలు ఆరు పంపి, వీటిని మీకు అంకితమిస్తాను, సంగీత పాఠశాల పెట్టుకుంటాను, 400 గుల్డెన్లు అప్పివ్వండి అని. లిస్ట్ అంకితం పుచ్చుకున్నాడు, అచ్చువేసేవాణ్ని చూసిపెట్టాడు, అప్పు ఊసెత్తలేదు. పెద్దవాళ్ల ప్రోత్సాహం ఎక్కడైనా ఇంతే! అప్పు లేకుండానే పాఠశాల తెరుచుకుంది.

మరుసటి ఏడు కతెర్జినాను పెళ్లాడాడు. చిన్ననాటి స్నేహం, పియానోతో ముడిపడిన స్నేహం. నలుగురు ఆడపిల్లలు పుట్టారు. 1854, 1855, 1856 – మూడేళ్లలో ముగ్గురు పోయారు. పెద్దపిల్ల బెద్రిష్కా నాలుగేళ్లకే పాటలు పట్టేసేది. స్కార్లెట్ జ్వరం ఆ పిల్లను తీసుకుపోయింది. ఆ దుఃఖంలో రాసిందే జి మైనర్ పియానో త్రయం. దాని మొదట్లో వయొలిన్ ఒంటరిగా లేస్తుంది. ఇలాంటిది రాసినవాడే తర్వాత జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాడని గుర్తుంచుకోవాలి.

ప్రాగ్ తనను గుర్తించడం లేదని 1856లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు వెళ్లిపోయాడు. అక్కడ గౌరవం ఉంది, శిష్యులున్నారు, చలి కూడా ఉంది. కతెర్జినా క్షయతో క్షీణించింది. స్వదేశం చేరుకుందామని బయల్దేరితే 1859లో దారిమధ్య డ్రెస్డెన్‌లో కన్నుమూసింది. మరుసటి ఏడు బెత్తీనాను రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఆయనకంటే చాలా చిన్నది.

స్వీడన్‌లో ఉన్న రోజుల్లోనే ఒకసారి వైమార్‌లో లిస్ట్ ఇంట అతిథిగా ఉన్నాడు. అక్కడ వియన్నా నుంచి వచ్చిన హెర్బెక్ అనే సంగీతకారుడు, చెక్‌లు ఇతరుల సంగీతాన్ని బాగా వాయించగలరే తప్ప తమదంటూ ఒకటి సృష్టించలేరని ఎద్దేవా చేశాడట. స్మెతనా దగ్గర జవాబు లేదు. వాదించడానికి చూపించదగ్గ చెక్ ఒపెరా ఒక్కటీ లేదు మరి. ఆ రాత్రే దేశానికి సంగీతం కట్టాలని ఒట్టు పెట్టుకున్నాడని కథ. ఒట్టు సంగతి ఎలా ఉన్నా, అవకాశం రాజకీయం నుంచి వచ్చింది. 1860లో వియన్నా పట్టు కాస్త సడలించింది. చెక్ భాషలో ఆడే నాటకశాల కట్టుకోవచ్చన్నారు. స్మెతనా 1861లో తిరిగొచ్చాడు. ప్రాగ్‌లో ‘తాత్కాలిక నాటకశాల’ 1862లో తెరుచుకుంది. పేరే తాత్కాలికం! నిజమైనది కట్టుకునే దాకా దీనితో సర్దుకుందామని జనం తమ ఆశను పేరులోనే పెట్టుకున్నారు. యాన్ హర్రాఖ్ అనే ప్రభువు చెక్ ఒపెరాలకు 600 గుల్డెన్ల బహుమతి ప్రకటించాడు. ‘బొహీమియాలో బ్రాండెన్‌బర్గ్ సేనలు’ అనే చారిత్రక ఒపెరాతో స్మెతనా ఆ బహుమతి గెలిచాడు. 1866 జనవరిలో అది రంగమెక్కింది.

అయిదు నెలలు తిరక్కుండానే, అదే ఏడు మే 30న, ‘ప్రొదానా నెవేస్తా’ వచ్చింది. అంటే అమ్ముడుపోయిన పెళ్లికూతురు.

కథ మనకు చెప్పక్కర్లేనంత తెలిసినట్టే ఉంటుంది. పల్లెలో మర్జెన్కా, యెనీక్ ప్రేమించుకున్నారు. పిల్ల తండ్రి మాత్రం మీఖా అనే ఆసామికి బాకీ పడి, ఆయన కొడుక్కే పిల్లనిస్తానని మాటిచ్చాడు. ఈ సంబంధం నడిపించేవాడు కెత్సల్. అచ్చమైన పెళ్లిళ్ల పేరయ్య, నోరు మూతపడని మనిషి. పెళ్లికొడుకు వషెక్ నత్తివాడు, అమాయకుడు. కెత్సల్ యెనీక్ దగ్గరికెళ్లి, పిల్లను వదులుకుంటే డబ్బిస్తానని బేరం మొదలుపెడతాడు. వంద, రెండు వందలు, చివరికి మూడు వందల గుల్డెన్లకు యెనీక్ ఒప్పుకుంటాడు. ఒకే షరతు: కాగితం మీద ‘పిల్ల మీఖా కొడుకునే చేసుకోవాలి’ అని రాయాలి. ఊరంతా సంతకాలు పెట్టి ఛీకొడుతుంది. తీరా చూస్తే యెనీక్, ఇల్లొదిలి పోయిన మీఖా పెద్దకొడుకే. పిల్లా దక్కింది, డబ్బూ దక్కింది. పాపం వషెక్ సర్కస్ పిల్లను చూసి మనసు పారేసుకుని, ఎలుగుబంటి తోలు తొడుక్కుని పెళ్లివాళ్ల మధ్యకొచ్చి పడతాడు.

ఇంత చిన్న కథను ఇన్నేళ్లుగా మోస్తున్నది సంగీతమే. కెత్సల్ నోట్లో మాటలు మంద్రస్థాయిలో తరుగు మిషన్‌లా గడగడలాడతాయి. వషెక్ నత్తిని స్మెతనా స్వరాల్లోనే కట్టాడు. అక్కడ ఎగతాళి తక్కువ, జాలి ఎక్కువ. ప్రియుడు తనను అమ్మేశాడని తెలిశాక మర్జెన్కా పాడే పాట దగ్గర ఈ హాస్యం ఒక్కసారి ఆగి తడి కళ్లతో చూస్తుంది. ఇక ప్రారంభ సంగీతం ఉంది. మాటలు పూర్తిగా చేతికి అందకముందే, 1863లోనే ఊహించి రాసుకున్న తుంటరి పరుగు అది. వాద్యాలన్నీ ఒక్కసారిగా దూకాక తంత్రీవాద్యాలు గుసగుసగా అందుకుని, ఒకరి చెవిలో ఒకరు ఊదుకుంటూ ఊరంతా పాకిన పుకారులా ఉంటుంది. ఒపెరా అంటే బెదిరిపోయే తెలుగు శ్రోత ఎవరైనా ఉంటే, ముందు ఈ ఆరేడు నిమిషాలు వినమంటాను.

ఇంకో విషయం. ఇంత పల్లెవాసన ఉన్న దీనిలో జానపద గీతాలను తెచ్చి కుట్టలేదు. ఆ రోజుల్లో చెక్ రాజకీయాల పెద్ద రీగర్, చెక్ పల్లె మీద హాస్య ఒపెరా కట్టాలంటే జానపద గీతాలే ఆధారం కావాలని పట్టుబట్టాడు. స్మెతనా ఒప్పుకోలేదు. అలా చేస్తే పాటల కలగూరగంప అవుతుందే తప్ప ఒక రచన కాదని ఆయన వాదం. పల్లె నుంచి ఆయన పుచ్చుకున్నది అడుగుల లయ: పోల్కా, ఫురియాంట్, స్కొచ్నా. స్వరాలు దాదాపుగా తనవే. అయినా ఇప్పుడు చెక్ వాళ్లకు అవి తాతముత్తాతల నాటివనే అనిపిస్తాయి. లేని జానపదాన్ని జ్ఞాపకంలోకి ఎక్కించడం మామూలు విద్య కాదు.

తొలి ఆట బోల్తా కొట్టింది. ఎండాకాలం, పైగా ప్రష్యాతో యుద్ధం తలుపు తడుతోంది. జనం పలచగా వచ్చారు. అప్పుడది రెండే అంకాలు, మధ్యలో మామూలు సంభాషణలు. స్మెతనా దాన్ని వదల్లేదు. 1869లో నాట్యాలు చేర్చాడు, 1870 సెప్టెంబరుకు మూడంకాలు చేసి మాటలన్నిటినీ స్వరాల్లో పెట్టాడు. ఈ రోజు మనం వినేది ఆ రూపమే. మాటలు రాసిన కరెల్ సబీనా ఆస్ట్రియా పోలీసులకు వేగు అని 1872లో బయటపడింది. జాతి మొత్తం మురిసిపోయే కథ రాసినవాడు ఆ జాతినే అమ్ముకుంటున్నాడు! అమ్మకం కథ రాసినవాడికి అనుభవం లేకపోలేదన్న మాట.

1882 మే 5న నూరో ప్రదర్శన జరిగింది. ఆ సన్మానంలో స్మెతనా అన్నది ఏమిటంటే – ఇదొక ఆటబొమ్మ లాంటిది, తనకు తేలికైనవి రాయడం చేతకాదన్న వాళ్ల మీద పంతంతో రాశానని. ఆ మాటలో సగం ఉక్రోషం. తాను ప్రాణం పెట్టిన ‘దలీబర్’ అనే గంభీరమైన ఒపెరాను జనం పక్కన పెట్టేశారు. 1868 మే 16న జాతీయ నాటకశాలకు శంకుస్థాపన జరిగిన రోజునే దాని తొలి ఆట. పొద్దున ఆ పునాదిరాయిని సుత్తితో తట్టినవాళ్లలో స్మెతనా కూడా ఒకడు. చెక్‌ల ప్రాణం సంగీతంలోనే ఉందని అర్థం వచ్చే మాటొకటి అంటూ తట్టాడు. రాత్రి అదే జనం ముందు దలీబర్ పాడితే, ఇది వాగ్నర్ అనుకరణ, జర్మన్ వాసన కొడుతోందని విమర్శ మొదలైంది. భాష కోసం, పల్లె కోసం, జాతి కోసం చేసినవాడికి తగిలిన దెబ్బ చూడండి! ఆ జగడాలు ఏళ్ల తరబడి సాగాయి, తాత్కాలిక నాటకశాలలో ఆయన చేస్తున్న ప్రధాన సంచాలకుడి పదవికే ఎసరు పెట్టే దాకా వచ్చాయి. ఆ ఆర్కెస్ట్రాలో ఓ మూల కూర్చుని వయోలా వాయిస్తున్న ఒక కుర్రాడు మాత్రం ఇదంతా చూస్తూ స్వరాలు నేర్చుకుంటున్నాడు. అతని పేరు ఆంతోనిన్ ద్వోర్జాక్.

1874 వేసవిలో చెవుల్లో హోరు మొదలైంది. తర్వాత ఒక్కో చెవీ మూసుకుపోతూ వచ్చింది. అక్టోబరు 20 నాటికి పూర్తిగా చెవుడు. వయసు యాభై. సంచాలకుడి ఉద్యోగం పోయింది. ఒపెరాలు ఆడుకునే హక్కు నాటకశాలకు ఇచ్చినందుకు ఏడాదికి 1,200 గుల్డెన్ల భరణం కుదిరింది. అది కూడా సక్రమంగా రాలేదు. 1876లో ప్రాగ్ వదిలి యబ్కెనిత్సె అనే అడవి పల్లెకు, బతికున్న పెద్ద కూతురు జోఫియె ఇంటికి చేరాడు. అల్లుడు అటవీ ఉద్యోగి. మిగిలిన జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిచింది.

మళ్లీ 1874కు వద్దాం. నవంబరు 20. చెవులు పూర్తిగా పోయి నెల. ఆ రోజు మొదలుపెట్టి డిసెంబరు 8కి ముగించినదే ‘వ్లతవా’. ‘మా వ్లస్త్’ అనే ఆరు సంగీత కావ్యాల వరుసలో రెండోది. చెక్‌లో మా అంటే ‘నా’, వ్లస్త్ అంటే దేశం. మన చెవికి ‘మా’ అంటే అందరిదీ అని వినిపిస్తే, ఆ తప్పు అర్థమే ఒప్పేమోననిపిస్తుంది. రెండు ఫ్లూట్లు రెండు ఊటలుగా మొదలై, క్లారినెట్లు కలిసి, నీరు పెరిగి వ్లతవా నది అవుతుంది. ఒడ్డున వేట బూరలు, ఒక పల్లె పెళ్లిలో పోల్కా – ఇక్కడా పెళ్లే! – వెన్నెల్లో జలకన్యలు, తర్వాత సెయింట్ జాన్ రాళ్ల మధ్య వరద ఉరవడి. ఆ రాళ్లూ ఉరవడీ ఇప్పుడు లేవు. ష్తెహోవిత్సె ఆనకట్ట కట్టాక నీటి అడుగుకు పోయాయి. ఊరు మునిగిన వాళ్లు మన కృష్ణా గోదావరుల ఒడ్డునా ఎందరో ఉన్నారు. ఆ రాళ్ల మీద విరుచుకుపడే నీటి చప్పుడు ఈ రోజు ఎక్కడైనా వినబడుతుందంటే చెవిటివాడు రాసిన ఆ పుటల్లోనే.

1876లో రాసిన మొదటి స్ట్రింగ్ క్వార్టెట్‌కు ‘నా జీవితం నుంచి’ అని పేరు పెట్టాడు. యవ్వనం, పోల్కా, తొలి ప్రేమ వరుసగా వస్తాయి. చివరి భాగం హుషారుగా పరుగెడుతుండగా అంతా హఠాత్తుగా ఆగి, మొదటి వయొలిన్ ఒక ఎత్తయిన ‘ఇ’ స్వరాన్ని సూదిలా పట్టుకుంటుంది. చెవుడుకు ముందు తన చెవిలో మోగిన ఈల అది. ఆ తర్వాత సంగీతం తలవంచుకుని వెళ్లిపోతుంది. ఈ క్వార్టెట్‌ను ముందు వాయించలేమన్నారు. 1878లో ఒక ఇంట్లో మిత్రుల మధ్య తొలిసారి వాయించినప్పుడు వయోలా పట్టుకున్నది ద్వోర్జాక్.

అదే 1876 నవంబరులో ‘హుబిచ్కా’ – ముద్దు – అనే ఒపెరా వచ్చింది. మాటలు రాసింది ఎలిష్కా క్రాస్నొహోర్స్కా అనే కవయిత్రి. ఆయన చివరి మూడు ఒపెరాలకూ ఆమే రాసింది. పెళ్లికి ముందు ముద్దిమ్మంటాడు వరుడు. అతను భార్య పోయినవాడు. పోయిన మొదటి భార్య మీద గౌరవంతో ఇవ్వనంటుంది వధువు. ఇదే జగడం, ఇదే కథ. రెండో పెళ్లి సుఖపడనివ్వని మనిషి, ఒక్క స్వరం వినబడని మనిషి, అడవి మధ్య కూర్చుని ఇంత మృదువైన కథను స్వరపరిచాడు. నా మటుకు నేను దలీబర్ కంటే హుబిచ్కాకే ముందు తాంబూలమిస్తాను. తొలి రాత్రి జనం చప్పట్లు ఆయన కళ్లతోనే విన్నాడు.

ఇక ‘లిబుషె’. ప్రాగ్‌ను స్థాపించిన పురాణ రాణి కథ. 1872లోనే పూర్తయినా, జాతీయ నాటకశాల తెరిచే రోజు కోసం దాచి ఉంచాడు. తొమ్మిదేళ్లు! 1881 జూన్ 11న ఆ రోజొచ్చింది. రెండు నెలలకే, ఆగస్టు 12న, కొత్త భవనం కాలిపోయింది. పల్లెలు, పట్నాలు, కూలీలు, ప్రభువులు చందాలేసుకుంటే 47 రోజుల్లో పదిలక్షల గుల్డెన్లు పోగయ్యాయి. ఆ చందాల కోసం పీసెక్ ఊళ్లో స్మెతనా పియానో ముందు కూర్చున్నాడు, తాను వాయించేది తనకు వినబడకుండానే. 1883 నవంబరులో లిబుషెతోనే ఆ తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

అయినా ఆయన కీర్తంతా ఆ ఆటబొమ్మ వెనకే నడిచింది. 1892లో ప్రాగ్ బృందం వియన్నా ప్రదర్శనలో పెళ్లికూతురు ఆడితే, సృష్టించలేరని ఎద్దేవా చేసిన ఊరే నిలబడి చప్పట్లు కొట్టింది. 1909లో న్యూయార్క్‌లో దాన్ని నడిపించింది బొహీమియాలోనే పుట్టిన స్వరకర్త మాలర్. 1942 నవంబరు 28న, నాజీలు యూదుల్ని పోగుచేసి ఉంచిన తెరెజీన్‌లో రఫాయెల్ షెఖ్తర్ అనే యువకుడు ఒక పియానో తోడుగా ఇదే ఒపెరాను ఖైదీలతో పాడించాడు. వేషాలు లేవు, వేదిక లేదు. పల్లె పెళ్లి బేరం విని ఆకలి కడుపులు నవ్వాయి. ఆ తర్వాతి సంగతి, మా వ్లస్త్ సంగతి: 1948లో దేశం వదిలిపోయిన సంచాలకుడు రఫాయెల్ కుబెలిక్ 1990 మే 12న తిరిగొచ్చి ప్రాగ్ వసంతోత్సవంలో దాన్ని నడిపించాడు. ఆ ఉత్సవం ఏటా మొదలయ్యే మే 12 స్మెతనా వర్ధంతి.

1884 మార్చి 2న ప్రాగ్‌లో ఆయన అరవయ్యో పుట్టినరోజుకు పెద్ద కచేరీ చేశారు. ఆయన రాలేకపోయాడు. మనసు చెదిరింది, మనుషుల్ని పోల్చలేకపోతున్నాడు. ఏప్రిల్‌లో పిచ్చాసుపత్రికి తీసుకెళ్లారు. మే 12న కన్నుమూశాడు. 15న తీన్ చర్చి నుంచి విషెహ్రాద్ శ్మశానానికి ఊరేగింపు సాగింది. ఆయన ఒకప్పుడు నడిపించిన హ్లహోల్ గాయకబృందం వాళ్లు కాగడాలు పట్టుకున్నారు.

ఆ రాత్రి జాతీయ నాటకశాలలో ముందే ప్రకటించిన ఆట ‘ప్రొదానా నెవేస్తా’. రద్దు చేయలేదు. రంగస్థలమంతా నల్లగుడ్డ కప్పారు. ఆ నల్లగుడ్డ ముందే పెళ్లిళ్ల పేరయ్య బేరమాడాడు, నత్తివాడు ఎలుగుబంటి తోలు వేసుకొచ్చాడు, పల్లె జనం పోల్కా ఆడారు.